ఫోక్ గిటారిస్ట్ కొత్త ఆల్బమ్: సగం మంది ఆహా, సగం మంది ఛీ అంటే ఎవరి మాట వినాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు బాగా ఇష్టమైన ఒక ఫోక్ గిటారిస్ట్ (పేరు రాయలేదు, మంచి పనే చేశారు, రాస్తే కింద ఫ్యాన్స్ కొట్టుకు చచ్చేవాళ్ళు) చాలా గ్యాప్ తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చాడు. పాతవన్నీ ఒక మనిషి, ఒక గిటార్, అంతే. ఇందులో డ్రమ్స్ ఉన్నాయి, వయొలిన్లు ఉన్నాయి, కొన్ని పాటలు తనే పాడాడు కూడా. మీకు నచ్చింది. మీ విశాఖ బ్యాచ్‌లో మాత్రం ఒకాయన ఇదే బెస్ట్ అంటాడు, ఒకాయన అమ్ముడుపోయాడంటాడు, ఇంకొకాయన అసలు సౌండే బాలేదంటాడు. కొత్తగా గిటార్ నేర్చుకుంటున్నారు కాబట్టి మీకు డౌటొచ్చింది, తేడా నా చెవిలోనే ఉందేమో అని. ఆఖరి ట్రాక్ ట్యూనింగ్ ఏంటని కూడా అడిగారు, అది చివర్లో చెప్తా.

మీ చెవికేం కాలేదండీ. నేను చెప్పేది ఒకటే. బాగుందా బాలేదా అన్న తీర్పు వదిలేయండి, "ఎక్కడ?" అని అడగండి. ఏ పాటలో, ఇంచుమించు ఏ చోట, ఏం వినిపించి అలా అనిపించిందో చెప్పగలిగాడంటే, తిట్టినా పొగిడినా ఆ మాట ఆల్బమ్ గురించినదే, దాన్ని పట్టుకోవచ్చు. చెప్పలేకపోతే మాత్రం చాలాసార్లు ఆ మనిషి మాట్లాడేది ఈ ఆల్బమ్ గురించి కాదు. పాత ఆల్బమ్ గురించో, తన ఇయర్‌ఫోన్స్ గురించో, ఆ ఆర్టిస్ట్ తనవాడు అనుకున్న ప్రేమ గురించో మాట్లాడుతున్నాడు. అవి తప్పని కాదు, కాకపోతే వాటిని బట్టి మీరు ఆల్బమ్‌కి మార్కులు వేసుకోకూడదు.

నేను సీతమ్మధారలో గిటార్ క్లాసులు చెప్తాను, దానికి ముందు చిన్న చిన్న ప్రోగ్రాములకి సౌండ్ చూసేవాణ్ణి. ఆదివారం సాయంత్రం మేడ మీద గదిలో నలుగురం కూర్చుని ఏదో ఒక ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా పెట్టుకుంటాం. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) స్టూడెంట్స్ వస్తారు, రిటైరైన స్టీల్‌ప్లాంట్ ఆయన ఒకరు వస్తారు, మధ్యలో మిరపకాయ బజ్జీలు కూడా వస్తాయి. కాబట్టి మీ బ్యాచ్‌లో గొడవ లాంటివి నేను వారం వారం చూస్తూనే ఉంటా.

మొన్నామధ్య ఇలాంటిదే ఒక కొత్త ఫింగర్‌స్టైల్ (పిక్ లేకుండా వేళ్ళతో మీటే) ఆల్బమ్ మీద పెద్ద రచ్చయింది. ఒక కుర్రాడు రాగానే "ఏటి మాస్టారూ ఇది, గిటార్ ఎండిపోయినట్టుంది, రేకు మీద వాయించినట్టు" అన్నాడు. ఎక్కడరా అంటే మూడో పాట మొదట్లోనే అని ఠక్కున చెప్పాడు. సరే దేంట్లో విన్నావ్ అంటే, ఆర్కే బీచ్‌లో గోడ మీద కూర్చుని ఫోన్ స్పీకర్లో. అంతే, సగం కేసు అక్కడే తేలిపోయింది. గిటార్ లావు తీగ, అదే ఆరో తీగ, ఓపెన్‌గా మీటితే 82 హెర్ట్జ్. దాన్ని డీకి దించి వాయిస్తే 73. ఫోన్‌లో ఉండే ఆ గోరంత స్పీకర్ రెండు మూడు వందల హెర్ట్జ్ కిందకి వెళ్తే దాదాపు చేతులెత్తేస్తుంది, మీకు వినపడేది ఆ స్వరం పైన పుట్టే ఓవర్‌టోన్సే తప్ప అసలు స్వరం కాదు. ఫోక్ గిటార్లో సగం ప్రాణం బొటనవేలుది. అది లావు తీగల మీద డుమ్ డుమ్ అని నడక నడుస్తుంటే మిగతా వేళ్ళు సన్న తీగల మీద ట్యూన్ వాయిస్తాయి. ఫోన్‌లో వింటే ఆ నడిచేవాడు మాయం, పైన చిటపటలు మిగుల్తాయి. పక్కన సముద్రం హోరు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

అదే పాట గదిలో మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ల మీద పెట్టాం. వాడు తల ఊపుతూ విని, అయినా నచ్చలేదన్నాడు. కానీ ఈసారి కారణం మారింది. "రెండో చరణం అయ్యాక వయొలిన్లు దిగుతాయి కదండీ, అక్కడ్నుంచి బొటనవేలు వినపడట్లేదు, ఆయన వాయిస్తున్నాడు గానీ చెలోలు దాన్ని కప్పేశాయి" అన్నాడు. మళ్ళీ పెట్టి విన్నాం, నిజమే. చెలో అంటే వయొలిన్ లాంటిదే, ఇంకా పెద్దది, లోతుగా మోగేది. దాని లావు తీగ, గిటార్ లావు తీగ దాదాపు ఒకే చోట మోగుతాయి, మిక్స్ చేసేవాడు ఏదో ఒకదానికి దారి ఇవ్వాలి, ఇవ్వలేదు. స్టీల్‌ప్లాంట్ ఆయనకి మాత్రం సరిగ్గా ఆ చోటే ఇష్టం, గిటార్ మెల్లగా మునిగిపోతుంటే బావుందయ్యా అంటాడు. ఇద్దరూ ఒకే చోటు గురించి మాట్లాడుతున్నారు చూడండి, ఇప్పుడు ఎవరు కరెక్ట్ అని తేల్చే పని లేదు, విన్నవాడు తనే తేల్చుకుంటాడు. ఇలాంటి గొడవ ఎంతసేపైనా వినబుద్ధేస్తుంది.

ఇక మన ఊరికి స్పెషల్‌గా ఒకటుంది, బయటివాళ్ళు నమ్మరు గానీ. సముద్రపు గాలికి ఇక్కడ తీగలు తొందరగా చచ్చిపోతాయి. లాసన్స్ బే వైపో బీచ్ రోడ్డులోనో ఇల్లుంటే, కోటింగ్ లేని ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల సెట్టు వేసిన కొన్నాళ్ళకే నల్లబడి, మెరుపు పోయి, మొద్దుగా మోగుతుంది. ఎండాకాలం ఉక్కకి గిటార్ చెక్క తేమ పీల్చి పొట్ట ఉబ్బుతుంది, యాక్షన్ (తీగలకీ మెడకీ మధ్య ఎత్తు) లేస్తుంది, అది వేరే బాధ. మనవాళ్ళు డబ్బులు పోసి నెలనెలా తీగలు మార్చరు కదా (నా స్టూడెంట్స్ కొందరి గిటార్లకి కొన్నప్పటి తీగలే ఇంకా ఉన్నాయి, ముట్టుకుంటే వేలికి తుప్పు అంటుతుంది), దాంతో గిటార్ అంటే ఆ మొద్దు సౌండే అని చెవి ఫిక్సయిపోతుంది. స్టూడియోలో కొత్త తీగలేసి పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర జానెడు దూరంలో మంచి కండెన్సర్ మైకు పెట్టి రికార్డ్ చేసింది విన్నప్పుడు గాజు గీసినట్టు ఉందంటారు. మీ బ్యాచ్‌లో "సౌండ్ బాలేదు" అన్నాయన్ని ఓసారి ఆయన గిటార్ తీగలు ఎప్పుడు మార్చారో అడగండి, సరదాగానే.

వేళ్ళ చప్పుడు కూడా అంతే. చుట్టిన తీగ మీద ఎడమచేతి వేలు జారితే కీచుమంటుంది. కొంతమందికి అది మనిషి పక్కనే కూర్చుని వాయిస్తున్న ఫీల్, కొంతమందికి పంటికింద రాయి. పాత ఆల్బమ్‌లో ఆ కీచులు ఉండి కొత్తదాంట్లో లేవనుకోండి, ఎడిటింగ్‌లో తీసేసి ఉండొచ్చు, కోటింగ్ తీగలు వాడి ఉండొచ్చు, మైకు దూరం పెట్టి ఉండొచ్చు, లేదా ఆయన చెయ్యే ఇంకా శుభ్రపడి ఉండొచ్చు. అందరూ "ప్లాస్టిక్‌లా ఉంది" అని ఒకే మాట అంటారు గానీ కారణాలు ఇన్ని. స్కాట్లాండ్ ఫోక్ గిటారిస్ట్ బెర్ట్ జాన్ష్ మొదటి ఆల్బమ్, 1965లో వచ్చింది, స్టూడియోలో కూడా కాదు, ఒకాయన ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టి రికార్డ్ చేశారు, ఇవాళ్టికీ గిటార్ నేర్చుకునేవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. అది విని పెరిగినవాళ్ళకి నీట్‌గా ఉన్న ఏ రికార్డింగైనా అనుమానంగానే ఉంటుంది మరి.

"అమ్ముడుపోయాడు" అనేవాళ్ళ సంగతి. ఇది ఇవాళ పుట్టిన గోల కాదు. అమెరికా ఫోక్ గాయకుడు బాబ్ డిలాన్ 1965 జూలై 25న న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని బ్యాండ్‌తో ఎక్కాడు, జనం గోల చేశారు, ఇది అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఏంటంటే ఆ గోల దేనికన్నది ఇప్పటికీ తేలలేదు. ఎలక్ట్రిక్ అని తిట్టారని కొందరు, సౌండ్ ఘోరంగా ఉండి మాటలు వినపడక అరిచారని కొందరు, బ్యాండ్‌తో మూడే పాటలు వాయించి దిగిపోయాడని కోపమని ఇంకొందరు. అక్కడే ఉన్నవాళ్ళే తలోమాట చెప్తారు. అంటే బూ అన్న శబ్దం ఒకటే, లోపల ఫిర్యాదులు కనీసం మూడు. తర్వాతి ఏడాది మే 17న మాంచెస్టర్‌లో సగం షో ఒంటరిగా అకూస్టిక్, సగం బ్యాండ్‌తో. ఆ రెండో సగంలో ఒకతను "జూడాస్" (యేసుని పట్టించిన ద్రోహి పేరు) అని అరిచాడు, ఆ అరుపు రికార్డింగ్‌లో పడిపోయింది. అతని ఫిర్యాదు మాత్రం క్లియర్, సౌండ్ కాదు, ద్రోహం. మీ బ్యాచ్‌లో "అమ్ముడుపోయాడు" అనే ఆయన న్యూపోర్ట్ రకమా మాంచెస్టర్ రకమా కనుక్కోండి. న్యూపోర్ట్ రకమైతే మంచి స్పీకర్ల మీద వినిపిస్తే కొంత మెత్తబడతాడు. మాంచెస్టర్ రకమైతే వాదించకండి, టీ తాగించి పంపేయండి.

అయినా వాళ్ళని నేను తీసిపారెయ్యను. ఒకే గిటార్‌తో ఉన్న ఆల్బమ్‌లో వినేవాడికి చోటెక్కువ. రాత్రి లైటార్పి వింటే ఆ మనిషి నీకోసమే వాయిస్తున్నట్టుంటుంది. డ్రమ్మర్ వచ్చి కూర్చున్నాక ఆ ఏకాంతం పోతుంది, పోయినదానికి బాధ నిజమే. ఆ బాధని "ఆల్బమ్ చెత్త" అని చెప్పడం దగ్గరే నాకు పేచీ.

ఇంగ్లండ్ గాయకుడు, గిటారిస్ట్ నిక్ డ్రేక్ సంగతి దీనికి సరిగ్గా సరిపోతుంది. 1969లో మొదటి ఆల్బమ్, గిటార్ చుట్టూ స్ట్రింగ్స్, అంటే వయొలిన్లూ చెలోలూ. 1971లో రెండోది బ్రైటర్ లేటర్, ఇందులో డ్రమ్స్, బేస్, సాక్సోఫోన్, స్ట్రింగ్స్, ఇల్లంతా చుట్టాలే. 1972లో మూడోది పింక్ మూన్, రెండు రాత్రుల్లో రికార్డ్ చేసేశాడు, ఒక్కడే, గొంతూ గిటారూ, ఒక పాటలో మాత్రం కొంచెం పియానో. మొత్తం అరగంట కూడా లేదు. బతికుండగా మూడూ పెద్దగా అమ్ముడుపోలేదు, 1974లో 26 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత ఎప్పుడో 2000 ప్రాంతంలో ఒక కారు యాడ్‌లో ఆ మూడో ఆల్బమ్ పాట వాడితే జనం ఎగబడ్డారు. మా గదిలో ఈ మూడూ వేర్వేరు ఆదివారాలు పెట్టాను. రెండోదాని మీదే ఎప్పుడూ గొడవ. గిటార్ వాయించేవాళ్ళకి అది నచ్చదు, చెయ్యి వినపడదంటారు. వాయించనివాళ్ళకి అదే నచ్చుతుంది, పాటలు కళకళలాడుతున్నాయంటారు. నా ఓటు మూడోదానికే, నేను వాయించేవాణ్ణి కదా, నా పక్షపాతం నాకుంటుంది. మీరూ నేర్చుకుంటున్నారు కాబట్టి మీ చెవి కూడా మెల్లగా చెయ్యి వైపే వెళ్తుంది, ఇప్పుడు నచ్చిన ఆల్బమ్ రెండేళ్ళ తర్వాత వేరేగా వినిపిస్తే కంగారు పడకండి.

గొంతు గురించి కూడా అడిగారు, "పాడకుండా ఉంటే బావుణ్ణు" అంటున్నారట. గిటారిస్టులకి ఇది మామూలు శాపం. అమెరికా గిటారిస్ట్ లియో కొట్కే 1969లో ఆరు తీగలు, పన్నెండు తీగల గిటార్ల మీద ఒక ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్ చేశాడు, దాని కవర్ మీద తన గొంతు ఉక్కపోత రోజున పెద్దబాతులు గాలి వదిలినట్టుంటుందని తనే రాసుకున్నాడు. తర్వాత ఆల్బమ్స్‌లో హాయిగా పాడాడు కూడా. ఉక్కపోత ఎలా ఉంటుందో మన విశాఖవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. గొంతు నచ్చనివాళ్ళని మాత్రం నేను "ఎక్కడ" అని అడగను, గొంతు అంటే మొహం లాంటిది, నచ్చకపోతే నచ్చదు. కానీ ఒక్కటి గమనించండి, పాట పాడుతున్నప్పుడు గిటార్ ఏం చేస్తోంది? ఉత్త కార్డ్స్ కొడుతుంటే నష్టపోయాం. గొంతు కింద కూడా ఆ బొటనవేలు తన దారిన తను నడుస్తుంటే, ఆ రెండూ ఒకే మనిషి చేస్తున్నాడంటే, అది సోలో వాయించడం కన్నా కష్టం. ఒక చరణం పాడుతూ ఆల్టర్నేటింగ్ బేస్ (బొటనవేలు లావు తీగల మధ్య మారుతూ మీటడం) ఆగకుండా వాయించి చూడండి, ఆయన మీద గౌరవం దానంతటదే వస్తుంది.

మనవాళ్ళ దగ్గర ఇంకో సంగతి. మీ బ్యాచ్‌లో ఒకరు "ఇందులో జానపదం ఎక్కడుంది" అన్నారని రాశారు. ఉత్తరాంధ్రలో పెరిగిన చెవికి అలా అనిపించడం సహజం. మనకి తప్పెటగుళ్ళంటే గుంపు, గుండె మీద రేకు తప్పెట మోత, గంతులు. జముకుల కథంటే ఆ జముకు గుబగుబ, పక్కన వంత. అరకు వైపు ధింసా అంటే చేతులు పట్టుకుని వరస. వంగపండు ప్రసాదరావు పాటంటే గజ్జె, డప్పు, వెంటనే జనం అందుకునే పల్లవి. కుర్చీలో ఒక్కడే కూర్చుని కళ్ళు మూసుకుని గిటార్ మీటడం మనూరి తిరునాళ్ళలో ఎక్కడ చూశాం? కాబట్టి ఆ గిటారిస్ట్ డ్రమ్స్ పెట్టగానే లండన్‌లో వినేవాడు ఫోక్ పోయిందంటాడు, విజయనగరం వాడు ఇప్పుడు కదా వచ్చిందంటాడు. ఇద్దరూ ఎక్కడ పెరిగారో చెప్తున్నారు. మన పాలకొల్లు నుంచి మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకొచ్చినప్పుడు కచేరీలో ఇదేం వాయిద్యం అని మొహం చిట్లించినవాళ్ళు ఉన్నారు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, గమకం పలకాలి కాబట్టి. అక్కడా చెవులు అలవాటు పడ్డాకే నోళ్ళు మూతపడ్డాయి.

ఇప్పుడు నా మాటకి నేనే ఒక బ్రేకు వెయ్యాలి. "ఎక్కడ" అని చూపించలేని నిజాలు కూడా ఉంటాయి. ఒక్కో పాట విడిగా బానే ఉంటుంది, మొత్తం ఆల్బమ్ మాత్రం నీరసంగా ఉంటుంది. అయిదు పాటలు వరసగా ఒకే ట్యూనింగ్, ఒకే కీ, ఇంచుమించు ఒకే నడక అనుకోండి, ఏ పాటనీ తప్పుపట్టలేరు గానీ చెవి అలిసిపోతుంది. అలాంటప్పుడు నేను వేరే ప్రశ్న అడుగుతా, ఎన్నో పాట దగ్గర ఫోన్ తీశావ్ అని. ముగ్గురు నలుగురు ఒకే పాట దగ్గర ఫోన్ తీశారంటే అక్కడ ఏదో ఉంది, వరస సరిగ్గా కుదరలేదు. మా గదిలో ఈ పరీక్షకి నిలబడని ఆల్బమ్స్ చాలానే ఉన్నాయి, పెద్ద పేర్లవి కూడా.

ఇంకో తిరకాసు వాల్యూమ్. పాత ఆల్బమ్, కొత్త ఆల్బమ్ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది, ఇది అందరి చెవికీ ఉన్న బలహీనత. స్పాటిఫైలో నార్మలైజేషన్ (పాటల గట్టిదనాన్ని సమానం చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టిదనాన్ని కొలిచే లెక్క) లెవల్ దగ్గరికి సర్దుతుంది, యూట్యూబ్ మాత్రం మామూలుగా గట్టివాటిని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నవాటిని పెంచదు. పాత సోలో గిటార్ ఆల్బమ్ యూట్యూబ్‌లో మెల్లగా మోగి, డ్రమ్స్ ఉన్న కొత్తది గట్టిగా మోగితే, మీకు తెలీకుండానే కొత్తది గెలుస్తుంది. లేదా మీ పాత ఫ్యాన్ ఫ్రెండ్‌కి అదే "అరుస్తోంది" అనిపిస్తుంది. చేత్తో వాల్యూమ్ సరిచేసుకుని, ఒకే ఇయర్‌ఫోన్స్‌లో, ఒక పాట అటూ ఒక పాట ఇటూ వినండి. ఇయర్‌ఫోన్స్ కాస్ట్లీవే అక్కర్లేదు, చెవిలో సరిగ్గా సీలయ్యే రబ్బరు టిప్ ఉంటే చాలు, వదులుగా ఉంటే బేస్ అంతా బయటికే పోతుంది.

వినేటప్పుడు మొదటిసారి వరస మార్చకుండా, షఫిల్ లేకుండా వినండి. రెండోసారి బొటనవేలినొక్కదాన్నే పట్టుకుని వెళ్ళండి, ట్యూన్ వైపు చూడకండి. ఆ తర్వాత మీ బ్యాచ్‌ని కలిసి, అమ్ముడుపోయాడన్న ఆయన్ని అడగండి, అన్నా ఎక్కడ అమ్ముడుపోయాడో ఒక్క చోటు చూపించు అని. చూపిస్తే మీరిద్దరూ కలిసి వినండి.

ఆఖరి ట్రాక్ ట్యూనింగ్. పాట వినకుండా కచ్చితంగా చెప్పలేను గానీ మీరు రాసిన గుర్తులు, అంటే చివర్లో తీగలన్నీ వదిలేస్తే మేజరూ కాని మైనరూ కాని గాల్లో వేలాడే సౌండ్, కింద బాగా లోతుగా మోగే తీగ, ఇవి డాడ్‌గాడ్ (ఆరో తీగ నుంచి వరసగా డీ, ఏ, డీ, జీ, ఏ, డీ) ట్యూనింగ్‌కి సరిపోతాయి. 60ల మొదట్లో ఇంగ్లండ్ గిటారిస్ట్ డేవీ గ్రహమ్ మొరాకో వెళ్ళొచ్చాక దీన్ని బ్రిటిష్ గిటార్ వాళ్ళకి అలవాటు చేశాడు. స్టాండర్డ్ నుంచి ఆరో తీగ ఈ నుంచి డీకి దించండి, రెండో తీగ బీ నుంచి ఏకి, ఒకటో తీగ ఈ నుంచి డీకి, మిగతా మూడూ ముట్టుకోవద్దు. పాట ఆగిపోయే చోట ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, మంచి స్పీకర్ పక్కన ఉంచి ఆ లావు తీగ చదవండి. డీ చూపిస్తే కాపో (మెడ మీద తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్) లేదు, ఈ చూపిస్తే రెండో ఫ్రెట్‌లో కాపో ఉండే ఛాన్స్ ఎక్కువ. కాకపోతే అది మామూలు స్టాండర్డ్ ట్యూనింగ్ కూడా అయ్యుండొచ్చు, కాబట్టి ఒకటో తీగ, అయిదో తీగ కూడా చెక్ చేయండి. లావు తీగ డీ అయినప్పుడు ఒకటో తీగ కూడా డీ అయితే, లావు తీగ ఈ అయినప్పుడు అయిదో తీగ బీ అయితే (స్టాండర్డ్‌లో అది ఏ), డాడ్‌గాడ్ అని ధైర్యంగా మొదలెట్టొచ్చు. తీగలు దించేటప్పుడు పాత తుప్పు తీగలైతే జాగ్రత్త, మళ్ళీ పైకి బిగించేటప్పుడు ఒకటో తీగ టప్పున తెగుతుంది, ఒక స్పేర్ తీగ కొని పెట్టుకున్నాకే పని మొదలెట్టండి.